పిక్కల పంతులు

సోలాపూర్ విడీ ఘర్కుల్‌లో, అంటే మా బీడీ కార్మికుల కాలనీలో, నాకు ఇంకో పేరుంది. నా ముందు ఎవరూ అనరు. టీ బండి మీద గ్లాసు పెట్టి నాలుగడుగులు వేశానో లేదో వెనక నుంచి వినబడుతుంది: "పిక్కల పంతులు పోతుండు." పంతులు చెయ్యి చూసి జాతకం చెప్తాడు. నేను పిల్లల పిక్కలు చూసి చెప్పేవాణ్ణి. వీడు కుస్తీలో మహారాష్ట్ర కేసరి అవుతాడు, వాడు జిల్లా దాటడు, వీడు రెండేళ్లలో లంగోటు విప్పేసి పాన్‌డబ్బా పెట్టుకుంటాడు అని. పేరు పెట్టినవాళ్ల మీద నాకు కోపం లేదు. నేనే అయితే ఇంతకంటే ఘాటైనది పెట్టేవాణ్ణి.

ముందే ఒప్పుకుంటాను, నా ఒంటికి గోదా మట్టి అంటింది ఒక్కసారే. అదీ జాతరలో జనం తోసుకుంటే అంచు మీంచి జారి పడ్డప్పుడు. ఇరవై దండీలు తీస్తే మర్నాడు అన్నం ముద్ద నోటిదాకా రాదు. అలాంటివాణ్ణి, పాతికేళ్లపాటు ఊరి పిల్లల భవిష్యత్తు చెప్పాను.

నా పని జాబర్. టవళ్ల కార్ఖానాల్లో సాంచలు, అంటే మరమగ్గాలు, ఆగిపోతే వెళ్లి నడిపించేవాణ్ణి. షెడ్డు గుమ్మంలో నిలబడి చెవి పెడితే చాలు, అన్ని సాంచల మోతలో ఏది తప్పుగా కొడుతోందో చెప్పేస్తాను. షటిల్ వెళ్లి పెట్టెలో తగిలే దెబ్బ ఒక్క పిసరు ఆలస్యమైనా నా చెవికి తెలుస్తుంది. కొంప ముంచింది ఆ గర్వమే. ఇనుమును చెవితో పట్టినవాడు మనిషిని కంటితో పట్టలేడా అనుకున్నాను.

సోలాపూర్ చుట్టుపక్కల జాతరల్లో కుస్తీలు చూడనివాళ్ల కోసం కాస్త చెప్తాను. ఎండ వాలగానే హల్గీ డప్పు మోత మొదలవుతుంది. ముందు చిన్నపిల్లల కుస్తీలు. గెలిచినవాడికి గుప్పెడు రేవడీలు, అవే నువ్వులద్దిన బిళ్లలు. అందుకే వాటిని రేవడీ కుస్తీలంటారు. ఆ తర్వాత పందెం పదుల్లోకి, వందల్లోకి, వేలల్లోకి ఎక్కుతుంది. చీకటి పడేవేళకు ఆఖరి జోడు, దానికే పెద్ద ఇనాము. జనం దానికోసమే వస్తారు. నేను మాత్రం రేవడీల వేళకే వెళ్లి అంచున చోటు పట్టేవాణ్ణి. ఆఖరి కుస్తీ ఎవడు కొడతాడో చెప్పడం ఎవడికైనా వచ్చు. రేవడీ నములుతున్నవాడిలో కేసరి గద ఎత్తేవాణ్ణి చూడటం కదా విద్య!

కమిటీ మనిషి ఒక పిల్లాడి చెయ్యి పైకెత్తి గోదా చుట్టూ తిప్పుతాడు. వీడికి జోడు ఎవడని అడుగుతాడు. జనంలోంచి ఒకడు అంగీ విప్పి తల్లి చేతిలో పడేసి దూకుతాడు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి భుజాలు సరిపోయాయో లేదో చూస్తారు. మజ్జిగ, నూనె, పసుపు, నిమ్మరసం పోసి తవ్వితవ్వి మెత్తన చేసిన ఎర్రమట్టి అది. వాన పడ్డ చేను వాసనా, వంటింటి పోపు వాసనా కలిసి వస్తాయి. పిల్లలు పిడికెడు మట్టి ఒకరి వంటి మీద ఒకరు రాస్తారు, పట్టు జారకుండా. ఇక వంగుతారు. నా కళ్లు సరిగ్గా అప్పుడు పిక్కల మీదికి పోయేవి. "పిక్క బిగిసినా మడమ నేలను వదలకూడదు" అని ఎప్పుడో ఒక కుస్తీ తాలీం వస్తాద్ ఇంకెవరితోనో అంటుంటే నా చెవిన పడింది. నా శాస్త్రమంతా ఆ ఒక్క వాక్యమే. అదీ ఇంకొకరితో అన్నది.

2023 నవంబరులో మా జిల్లా మోహోళ్ కుర్రాడు సికందర్ షేఖ్ మహారాష్ట్ర కేసరి కొట్టాడు. అదే ఏడు జనవరిలో పుణేలో మహేంద్ర గైక్వాడ్ చేతిలో ఓడిపోతే, ఆ పాయింట్లు న్యాయమా కాదా అని రాష్ట్రమంతా కొట్టుకుంది. గైక్వాడ్ కూడా మా జిల్లావాడే కాబట్టి మా టీ బండి రెండుగా చీలింది. నవంబరులో మాత్రం వాదనకు చోటివ్వలేదు. శివరాజ్ రాక్షేను నిమిషం తిరక్కుండా వెల్లకిలా పడేశాడు. ఆ రాత్రి నేను టీ బండి దగ్గర గ్లాసు పైకెత్తి, "వీణ్ణి రేవడీలప్పుడే చూసిన. అప్పుడే చెప్పిన" అన్నాను.

పచ్చి అబద్ధం. మోహోళ్ నేను చూసింది పుణే బస్సు కిటికీలోంచి. సికందర్ తండ్రి మార్కెట్‌లో హమాలీ చేసి కొడుకును పైల్వాన్ చేశాడని పేపర్లో చదివాను. ఆ ముక్క మాత్రం టీ బండి దగ్గర చెప్పలేదు. జోస్యానికి హమాలీ మూటలు అడ్డం కదా.

అగ్గికి ఆజ్యం మా మేనల్లుడు పోశాడు, ఫోన్లో జపాన్ కుస్తీ సూమో చూపించి. పెద్దవాళ్ల కుస్తీలు రెండు రోజుల్లో మొహం మొత్తాయి. కింది మెట్ల వాళ్ల సంగతి వినగానే ఒళ్లు పులకరించింది. జపాన్‌లో సుమారు ఆరువందలమంది మల్లులు, ఆరు మెట్లు. పై మెట్టు మకుఉచిలో 42 మంది, దాని కింద జూర్యోలో 28 మంది. జీతం ఈ డెబ్భైమందికే. మిగతా వాళ్లంతా గురువు ఇంట్లో తిని, పడుకుని, ఊడ్చి, వండి, ఒక్కో పోటీలో ఏడేసి కుస్తీలు పడతారు. నాలుగు గెలిస్తే పైకి, నాలుగు ఓడితే కిందికి. ప్రతి పోటీకి ముందు అందరి పేర్లూ ఒకే కాగితం మీద కుంచెతో రాస్తారు. దాన్ని బన్జుకె అంటారు. పైన పేర్లు లావుగా ఉంటాయి. దిగేకొద్దీ సన్నబడి, అట్టడుగు జొనొకుచి వాళ్లవి చీమకాళ్లయిపోతాయి. చూడ్డానికి భూతద్దం కావాలి కాబట్టి ఆ మెట్టుకు భూతద్దం అనే ముద్దుపేరు కూడా ఉంది.

ఇంకేం, నేనూ ఒక బన్జుకె రాశాను. విడీ ఘర్కుల్ పిల్లలతో, చుట్టుపక్కల తాలీంల పిల్లలతో, డ్రాయింగ్ షీటు మీద. ఇరవై ముగ్గురు. అందరికంటే పైన ఒక గడి ఖాళీగా ఉంచాను, ఇంకా పుట్టనివాడి కోసమట. కింది వరసలో తెలుగు ఒత్తులు సన్నగా రాయలేక రెండు షీట్లు పాడుచేశాను. జపాన్‌వాడు కూడా మన ఒత్తుల ముందు కుంచె కింద పెట్టేస్తాడు.

నా భార్య చాటలో తునికాకు వేసుకుని బీడీలు చుడుతూ ఒకసారి తలెత్తి చూసింది. ఈ ఇల్లు మా అమ్మ బీడీల మీద వచ్చింది, నడిచేది ఈమె బీడీల మీద. ఆకు కత్తిరించడం, తంబాకు పరవడం, చుట్టడం, కొన మడవడం, దారం చుట్టడం. పొద్దుటి నుంచి రాత్రిదాకా వెయ్యి.

"ఏంది, రేషన్ లిస్టా?"

చెప్పాను.

"కార్ఖానల చెకర్ గుడ కట్ట ఇప్పి చూసినంకనే ఛాట్ తీస్తడు. నువ్వు ఇప్పకుండనే తీస్తున్నవ్" అని మళ్లీ ఆకు అందుకుంది. ఛాట్ అంటే పనికిరావని ఏరిపారేసే బీడీలు.

నాకది ఆ రోజు వెటకారంగా వినబడింది.

ఇక అసలు సంగతి. ఒకాయన దగ్గర నాలుగు సాంచలుండేవి. నాకంటే పదేళ్లు చిన్న, నన్ను అన్నా అంటాడు. ఒకరోజు సాంచ కింద దూరి గ్రీజు చేతులతో పనిచేస్తున్నాను. ఆయన కొడుకు కండెల డబ్బా ఎత్తుకుని పక్కనుంచి పోయాడు. పన్నెండేళ్లుంటాయి. నేనున్న చోటి నుంచి నాకు కనబడేవి పిక్కలే. రాయిలా ఉన్నాయి. నా బన్జుకెలో వాడు అప్పటికే మూడో మెట్టు. రేవడీల్లో రెండుసార్లు గెలిచినవాడు.

"వీణ్ణి ఈడ పెట్టకు" అన్నాను, కింద నుంచే. "వీడు మట్టిల పండే గింజ. కొల్హాపూర్ తాలీంకు పంపు. మన తెలుగోళ్లల్ల కోడి రామ్మూర్తి నాయుడు పుట్టలేదా?"

ఆయన టీ తెప్పించాడు. తాగాను. పానా తుడుచుకుని ఇంటికొచ్చాను. రాత్రికి ఆ మాట నాకు గుర్తు లేదు.

కొన్ని నెలల తర్వాత ఏదో బెల్టు తెగిందని కబురొస్తే వెళ్లాను. అలవాటు ప్రకారం గుమ్మంలో ఆగి చెవి పెట్టాను. రెండు సాంచల చప్పుడే వచ్చింది. ఆగిన రెండూ ఏవై ఉంటాయా అని లోపలికి చూశాను. అవి ఆగలేదు, అసలు లేవు. వాటి చోట నేల రెండు తెల్లటి చదరాలుగా బయటపడింది. మూలమూలకీ బోల్టుల గుంతలు, ఆ గుంతల్లో నూనెకు అంటుకుని దూది.

"అమ్మిన అన్నా" అన్నాడాయన, నవ్వుతూ. "మీరు చెప్పిన్రు కదా."

ఆ నవ్వు నేను ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను. అందులో నిందేమీ లేదు. డాక్టరు రాసిన మందు తెచ్చానని డాక్టరుకే చెప్తున్నట్టు ఉంది.

కుస్తీ నేర్పడానికి కాదు అయ్యే ఖర్చు, ఖురాక్‌కు. పొద్దున, రాత్రి పాలు, బాదం నూరిన థండాయి, నెయ్యి, గుడ్లు, అరటిపండ్లు, వారానికి ఇన్నిసార్లని మటన్. పెరిగే పిల్లాడు పొద్దున చీకట్లో లేచి ఒళ్లు హూనమయ్యేదాకా జోర్ చేస్తే, ఆ ఒళ్లు మళ్లీ నిండాలి కదా. మా ఇళ్లలో ఎండు జొన్నరొట్టె కడక్ భాకరీ, పల్లీల శేంగా చట్నీ. కూలి మనిషికి చాలు, పైల్వాన్‌కు చాలదు. ఈ లెక్క తెలియనివాడిలా నోరు జారాను. తెలియక కాదు. జోస్యం చెప్పేటప్పుడు లెక్క అడ్డం రాదు, అంతే.

పిల్లాడు పద్నాలుగు నెలలకు తిరిగొచ్చాడు. ఓడిపోయి రాలేదు. ఆ వయసు వాళ్లలో బాగానే పడుతున్నాడని అక్కడివాళ్లు అన్నారట. ఇంటి నుంచి డబ్బు తగ్గింది. పాలు సగం చేశాడు, తర్వాత బాదం మానేశాడు, తర్వాత మటన్. ఎవరికీ చెప్పలేదు. జోర్ మాత్రం తగ్గించలేదు. ఖాళీ ఒంటితో పట్టుకు పోయి మోకాలు తిప్పుకున్నాడు. చెవులు పైల్వాన్ చెవులై ముద్దగట్టాయి. అవి మళ్లీ మామూలుగా కావు. ఇప్పుడు ఎండకాలం వచ్చినా తలకు రుమాలు కట్టుకునే తిరుగుతాడు. తండ్రి షెడ్డులో మిగిలిన రెండు సాంచల మధ్య కండెలు మారుస్తుంటాడు.

నన్ను ఎక్కువగా తినేది ఇదే. నా మాట తప్పని తేలి ఉంటే చెంపలు వేసుకుని బయటపడేవాణ్ణి. అదీ తేలలేదు. ఆ పిక్కలు నిజంగా ఎక్కడిదాకా పోయేవో ఇక ఎవరికీ తెలియదు.

సాకు కోసం మళ్లీ సూమో దగ్గరికే పోయాను. దొరికింది కూడా. 2000లో మంగోలియా నుంచి పదిహేనేళ్ల పిల్లాడు జపాన్ వచ్చాడు. తండ్రి 1968 ఒలింపిక్స్‌లో కుస్తీలో వెండి పతకం తెచ్చినవాడు. పిల్లాడు మాత్రం 62 కిలోలు. ఏ గురువూ తీసుకోనన్నాడు. వెనక్కి పోయే రోజు దగ్గరపడ్డాక ఒకాయన సరేనన్నాడు. 2001 మేలో భూతద్దం మెట్టు మీద మొదటి పోటీ పడి మూడు గెలిచి నాలుగు ఓడాడు. వాడే హకుహో. తర్వాత 45 సార్లు కప్పు ఎత్తాడు.

"చూసినవా" అన్నాను నా భార్యతో, "తరతరాలుగా అదే పని చేసే గురువులే పొరబడ్డరు. నేనెంత?"

ఆమె దారం పళ్లతో తెంపింది.

"ఆ పోరనికి బువ్వ ఎవరు పెట్టిన్రు?"

"గురువు ఇంట్ల."

"ఈ పోరనికి?"

ఆ రాత్రి బన్జుకె షీటు గోడమీంచి తీసి చుట్టి అటక మీద పడేశాను. చించలేదు. చించానని రాస్తే బాగుండేది కానీ, చించలేదు.

పైల్వాన్ ఖాశాబా జాధవ్ గురించి అందరికీ తెలుసు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో కంచు పతకం, స్వతంత్ర భారతానికి ఒక్క మనిషి తెచ్చిన మొదటి పతకం. చిన్న మనిషి, నా పిక్కల శాస్త్రంలో మూడో మెట్టు దాటేవాడు కాదు. ఆయన ప్రయాణానికి డబ్బు చాలకపోతే, కొల్హాపూర్ రాజారామ్ కాలేజీలో ఆయనకు ప్రిన్సిపాల్‌గా ఉన్న ఖర్డీకర్ సొంత ఇల్లు తాకట్టు పెట్టి ఏడువేలు ఇచ్చాడు. ఈ కథ నేను టీ బండి దగ్గర కనీసం వందసార్లు చెప్పి ఉంటాను, గొంతు వణికిస్తూ. ఖర్డీకర్ పెట్టింది తన ఇల్లు. నేను పెట్టించింది ఇంకొకడి సాంచలు. వందసార్లు చెప్పినా ఆ తేడా నా చెవికి తగల్లేదు. షటిల్ దెబ్బ పిసరు ఆలస్యమైతే పట్టే చెవి ఇది!

మొన్న నారళి పున్నమికి మార్కండేయ రథం చూడటానికి పోయాం. జనంలో ఆ సాంచలాయన ఎదురయ్యాడు. చొక్కా ఇస్త్రీ, నుదుట గంధం. పక్కన చిన్న కొడుకు, ఎనిమిదేళ్లుంటాయి, నిక్కరు, ఒక చేతిలో బెలూన్. నన్ను చూడగానే ఆయన మొహం విప్పారింది. తప్పుకుందామనుకునేలోపే మోచెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, చిన్నోణ్ణి గుడ ఓసారి చూడుండ్రి."

రథం వైపు చూశాను. దేవుడి మొహం చూశాను. బాజావాళ్లను చూశాను. కళ్లు నా మాట వినవు కదా, కిందికి జారాయి. నిజం చెప్పాలంటే, వాడి పిక్కలు అన్న పిక్కలకంటే బాగున్నాయి. మాట నాలుక కొస దాకా వచ్చింది. చేతిలో ప్రసాదం కొబ్బరి ముక్క ఉంటే మొత్తం నోట్లో కుక్కుకున్నాను.

ఆయన నేను నమిలేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు.