సొరపాదుకు సింహాసనం

(హైదరాబాదులో నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు మిద్దె. రిటైరైన పెద్దాయనకు మిద్దెతోట మీద మనసైంది. ఎత్తుమడి దేనితో కట్టాలో తేల్చడానికి సభ కూడింది. డల్లాస్ అల్లుడు ఫోన్‌లో హాజరు. విత్తనాలు మాత్రం ఇంకా ఎవరూ కొనలేదు.)

అల్లుడు: మామయ్యగారూ, సెడార్ చెక్క పెట్టించండి. ఇక్కడ చాలామంది అదే వాడతారు. తొందరగా పుచ్చదు, ఫొటోల్లో కూడా బావుంటుంది.

మేస్త్రి: మన దగ్గర దానికి సాటి టేకు బాబూ. టేకు మడిలో తోటకూర వేస్తే కట్ట ఎంత పడుతుందో చెప్పడానికి నాకు నోరు రాదు.

సేంద్రియ మిత్రుడు: మొక్క కోసం చెట్టు నరుకుతారా? వెదురు తడిక కట్టండి. ప్లాస్టిక్ మాట మాత్రం నా ముందు ఎత్తకండి. (ప్లాస్టిక్ సంచిలోంచి గుప్పెడు వర్మికంపోస్టు తీసి చూపించాడు.)

మేస్త్రి: తడి మట్టిలో వెదురు ఎన్నాళ్లుంటుంది సార్? చెదలకు విందు.

కళాహృదయుడు: పాత రైలు స్లీపర్లయితే! ఆ నలుపు, ఆ మొరటుదనం...

మేస్త్రి: ఆ నలుపుతోనే భయం. చెక్క పుచ్చకుండా పట్టించిన క్రియోసోట్ అది. ఎండకు ఊరుతుంది. పాలకూర పప్పులో కూడా కళ కావాలంటే మీ ఇష్టం.

పెద్దాయన: పక్కాయన పాత సిమెంటు రేకులు ఊరికే ఇస్తానన్నాడయ్యా.

మేస్త్రి: వాటిల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది సార్. కోస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊరికే ఎందుకిస్తున్నాడనుకున్నారు?

పెద్దాయన: పోనీ నువ్వే చెప్పు.

మేస్త్రి: ఇందాకట్నుంచి అందరూ చుట్టుగోడ గురించే! బరువు ఎవరన్నా అడిగారా? ఎనిమిదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు, అడుగు లోతు. మట్టి నింపి తడిపితే టన్నున్నర. మనుషులు తిరిగే మిద్దెకు ఇంజినీర్లు వేసే లెక్క చదరపు మీటరుకు 150 కిలోలు. మీ మడి 500 మోపుతుంది.

(కింద ఎవరి పడగ్గది ఉందో గుర్తొచ్చి పెద్దాయన ఒకడుగు పక్కకు జరిగాడు.)

మేస్త్రి: ఆకుకూరలకు ఆరేడంగుళాల లోతు చాలు. మట్టి తగ్గించి కొబ్బరిపొట్టు, ఎరువు కలపండి. దూలాల మీదుగా, పిట్టగోడ వారగా పెట్టుకోవాలి. శ్లాబుకు ఆనకుండా చీపురు దూరే సందుండాలి, లేకపోతే చెమ్మ దిగుతుంది. తేలికంటే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ సంచులే. ముందు ఇంజినీరుకు చూపించండి.

(సేంద్రియ మిత్రుడు చెవులు మూసుకున్నాడు.)

పెద్దాయన: సంచులయితే నీకు పనేముందయ్యా?

మేస్త్రి: వాటి కింద ఇటుకలు పేర్చొద్దూ? నాలుగు రోజుల కూలి, అడ్వాన్సు ఇవాళే.

అసోసియేషన్ ప్రెసిడెంటు: (అప్పుడే వచ్చి) అన్నట్టు, లిఫ్టులో మట్టి బస్తాలు ఎక్కించకూడదు. తీర్మానం చేశాం.

పెద్దాయన: మరి నాలుగంతస్తులు మోసేదెవరు?

సేంద్రియ మిత్రుడు: నాకు నడుం నొప్పి.

కళాహృదయుడు: నేను స్కెచ్ గీసి పంపిస్తా.

మేస్త్రి: మోత కూలి వేరే సార్.

అల్లుడు: హలో... మామయ్యగారూ... మీ మాట తెగిపోతోందండీ...