హోటల్ లేస్తోంది, కుర్చీలు వెయ్యండి

ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డెక్కితే పీర్జాదిగూడ, బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి వస్తాయి. ఈ దారిలో ఎప్పుడు చూసినా ఏదో ఒక బిల్డింగ్ లేస్తూనే ఉంటుంది. అపార్ట్‌మెంట్ లేస్తే ఎవరూ తలెత్తరు. ఆస్పత్రి లేస్తే లోపలికెళ్ళే అవసరం రాకూడదని దణ్ణం పెట్టుకుని పోతారు. హోటల్ లేస్తోందని తెలిసిందా, కాలనీ కాలనీ కుర్చీలేసుకుని కూర్చుంటుంది. బోడుప్పల్‌లో మా కాలనీ మొన్నటి దాకా ఆ డ్యూటీలోనే ఉంది.

హోటల్ లేచిన ప్లాటులో అంతకుముందు సర్కారు తుమ్మలూ చెత్త కవర్లూ కాపురముండేవి. ‘ఈ స్థలం కోర్టు వివాదంలో ఉంది’ అని ఒక బోర్డు, దాని పక్కనే ‘ప్లాటు అమ్మబడును’ అని ఇంకో బోర్డు. రెండింటి మీదా ఒకటే ఫోన్ నంబరు. ఒకరోజు పొద్దున్నే జేసీబీ వచ్చింది. తుమ్మలు పోయాయి, బోర్డులు పోయాయి, వాటితో పాటు వివాదమూ పోయినట్టుంది.

ఏం కడుతున్నారో మొదట్లో ఎవరికీ తెలియదు. ఫంక్షన్ హాలన్నారు. కార్పొరేట్ కాలేజీ అన్నారు. ఆ మాటకి పిల్లలున్న ఇళ్ళలో రెండ్రోజులు అన్నాలు సహించలేదు. పర్మిట్ రూముతో సహా వైన్ షాపు వస్తోందని ఒకాయన బాధపడుతూ చెప్పాడు గానీ, ఆ బాధలో ఆశ కూడా కలిసినట్టు నాకు అనిపించింది. చివరికి సెల్లార్ గోడకి పొగ గొట్టం కోసం పెద్ద కన్నం వదిలినప్పుడు గుట్టు బయటపడింది. ప్లానులో సెల్లార్ అంటే పార్కింగే. ఈ సంగతి సిమెంటు బస్తాకి కూడా తెలుసు. మరి పార్కింగుకి పొగ గొట్టమెందుకని ఎవరో అడిగితే, “కార్లు పొగ ఇడువయా?” అన్నాడు వాచ్‌మన్. ఇంత తెలివైనవాణ్ణి వాచ్‌మన్‌గా పెట్టుకున్న ఓనరు మామూలువాడై ఉండడు.

అంతకుముందు పునాది గుంతకి నాలుగు గడ్డపారల లోతు దిగేసరికే బండ తగిలింది. హైదరాబాద్ చుట్టుపక్కల నేలంతా ఇంతే, పైన గుప్పెడు మట్టి, కింద నల్లరాయి. బ్రేకర్ పెట్టి పొద్దుణ్ణుంచి చీకటి పడేదాకా కొట్టారు. పై ఫ్లోర్‌లో మిక్సీ తిరిగితే పోలీస్ స్టేషన్ దాకా వెళ్తామనే మనుషులు, కట్టేది హోటలని తెలిశాక ఆ చప్పుడుని సన్నాయిలా గుర్తుచేసుకున్నారు.

చూసే జాగా కిరాణా షాపు ముందు గ్రానైట్ బండ. ఎవరి ఇంటి ఫ్లోరింగులోనో మిగిలింది, ఎత్తుకెళ్ళే ఓపిక లేక అక్కడే ఉండిపోయింది. దాని నడిమధ్య సీటు రిటైర్డ్ ఏఈ గారిది. సర్వీసంతా ఆయన కాలువల మీద గడిపారు. అయితేనేం, సిమెంటు ఎక్కడైనా సిమెంటేనంటారు. ఆయన కుడిపక్కన ప్లాట్ల బ్రోకరన్న, ఎడమపక్కన వాస్తు చూడ్డానికి మా వీధి నానమ్మ. వంటిల్లు ఆగ్నేయంలో పడిందా లేదా అన్నది ఒక్కటే ఆమెకు పట్టింపు. సెల్లార్‌లో ఆగ్నేయం ఎటుంటుందో తేలేదాకా ఆమె మందులు కూడా షాపు దగ్గరికే తెప్పించుకుని వేసుకుంది. షాపు సేటు మాత్రం గల్లా దగ్గర్నించే చూస్తాడు. అతనికి చూపు ఉచితం, చాయ్ పది రూపాయలు.

అసలు పండగ స్లాబ్ పడే రోజు. ఈశాన్యం మూల కొబ్బరికాయ కొట్టారు. మిక్సర్ గుర్రుమంటూ తిరగడం మొదలుపెట్టింది. కంకర, ఇసుక, సిమెంటు డబ్బాలతో కొలిచి పోసేవాడొకడు. నిండిన తొట్టి లిఫ్టు మీద పైకి పోతుంటే కన్నార్పకుండా చూసేవాడొకడు. పైన తట్టలు చేతుల మీదుగా పరుగెత్తుతుంటే వెనకాలే వైబ్రేటర్ గొట్టం దించుతూ ఇంకొకడు. ఆడవాళ్ళు తలగుడ్డల మీద తట్టలతో పలకల మీద నడుస్తుంటే ఆ పలకలు ఊగుతున్నాయి, వాళ్ళు ఊగడం లేదు. పైన పని జరుగుతోంది, కింద పర్యవేక్షణ జరుగుతోంది. మనుషుల్ని లెక్కపెడితే కిందే ఎక్కువ తేలతారు.

“ఏం మేస్త్రీ, నీళ్ళెక్కువ పోస్తుండ్రు. బలముంటదా?” అన్నారు ఏఈ గారు.

“అట్లనే సార్.”

“పిల్లర్లకు పన్నెండు ఎంఎం రాడ్డేసినవ్. పదహారెయ్యాలె.”

“అట్లనే సార్.”

“మెట్లు సరిసంఖ్య రాకుండ చూడు బిడ్డా,” అంది నానమ్మ.

“అట్లనే అమ్మా.”

మేస్త్రి పొద్దుణ్ణుంచి మా కాలనీ మొత్తానికీ ఒకటే జవాబిచ్చాడు. ఏ ఒక్కరి మాటా వినలేదు, ఏ ఒక్కరి మనసూ నొప్పించలేదు. ఇలాంటివాడు రాజకీయాల్లో ఉండాల్సింది, తాపీ పట్టుకుని పాడైపోయాడు.

పొద్దుగూకే వేళకి స్లాబ్ పూర్తయింది. ఆనవాయితీ ప్రకారం ఓనరు లేబర్‌కి దావత్ ఇచ్చాడు. మూడు సిమెంటు ఇటుకలు పేర్చి, సెంట్రింగ్ చెక్క ముక్కలు మంటేసి, పెద్ద డేగిసాలో కోడికూర వండారు. వండింది ఒడిశా నుంచి వచ్చిన సెంట్రింగ్ కుర్రాడు, తిన్నది పాలమూరు మనుషులూ బీహార్ మనుషులూ. అలా ఆ హోటల్లో తొలి బంతి దాన్ని కట్టినవాళ్ళకే దక్కింది. మెనూ లేదు, ఐదు శాతం జీఎస్టీ లేదు, టిప్పు కోసం ఎదురుచూసే మనిషి లేడు. గాలి మా వైపు వీచింది. “ఉప్పు సరిపోయింది, ధనియాల పొడి తక్కువైంది,” అని ఏఈ గారు వాసన మీదే తీర్పిచ్చారు.

తెల్లారేసరికి స్లాబ్ మీద చిన్న చిన్న మడులు కట్టి నీళ్ళు నింపారు. మా ఇళ్ళలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, అదీ వస్తే. ఎండాకాలం ట్యాంకరు చెప్పి ఫోను పక్కనే పడుకోవాలి. స్లాబ్ మాత్రం పూటపూటా తాగింది. దానికి మాలో ఒక్కరు కూడా కుళ్ళుకోలేదు. పైపెచ్చు ఒక మధ్యాహ్నం మడి ఎండినట్టు కనిపిస్తే ఏఈ గారు తన మేడెక్కి వాచ్‌మన్‌ని కేకేశారు. కాంక్రీటుకి పూర్తి బలం 28 రోజులకి వస్తుందని ఆయన లెక్క. ఇంట్లో క్యాలెండరు మీద రోజుకొక టిక్కు పెట్టుకుంటూ వచ్చారు. ఆ క్యాలెండర్లోనే ఆయన బీపీ మాత్రలకీ టిక్కులుంటాయి. అవి మాత్రం నడుమనడుమ తప్పాయి.

ఇక్కడ ఇంకో సంగతి. అదే గ్రానైట్ బండ మీద కూర్చుని మెడ కొంచెం తిప్పితే వరంగల్ హైవే కనిపిస్తుంది. హైవే నడుమ పిల్లర్లు కనిపిస్తాయి. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవర్ కోసం 2018లో శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత లోకం ఒక మహమ్మారిని చూసింది. రాష్ట్రం రెండు అసెంబ్లీ ఎన్నికలు చూసింది, ఒక ప్రభుత్వం దిగి ఇంకొకటి ఎక్కింది. పిల్లర్లు మాత్రం ఏళ్ళ తరబడి నెత్తిన ఏమీ లేకుండా అలాగే నిలబడ్డాయి. పని మొదలైందంటారు, ఆగిందంటారు, మళ్ళీ మొదలైందంటారు. వానాకాలం వాటి కింద గుంతలు, ఎండాకాలం వాటి చుట్టూ దుమ్ము. కాలనీలో ప్రతి ఇంట్లోనూ ఆ దారిన పోయి నడుము పట్టేసిన మనిషి ఒకరైనా ఉంటారు. అయినా ఆ పిల్లర్ల ముందు ఎవరూ కుర్చీ వేసుకోలేదు. ఎన్ని ఎంఎం రాడ్డు వేశారని అడిగినవాళ్ళు లేరు. క్యాలెండరు మీద వాటికి టిక్కులూ లేవు.

ఒకసారి ఏఈ గారినే అడిగాను. “సార్, అటు కూడా ఓసారి చూడరాదా?”

ఆయన నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశారు. “అది గవర్నమెంటు పని. అండ్ల మనకేం తెలుస్తది?”

ముప్ఫై ఏళ్ళకు పైగా గవర్నమెంటు పని తప్ప ఇంకో పని చెయ్యని మనిషి నోట వచ్చిన మాట ఇది.

ఆయన్ని తప్పుపట్టలేను. హోటల్ దగ్గర “ఏం మేస్త్రీ” అని పిలిస్తే అబద్ధానికైనా “అట్లనే సార్” అనే మనిషి ఉన్నాడు. పిల్లర్ దగ్గర ఎవర్ని పిలవాలి? పైగా హోటల్ ఓనరుకి మేమంటే భయం, రేపు మేమే గిరాకీ. ఓటు కూడా అలాంటి గిరాకీయే కదా అని మీరనొచ్చు. హోటల్లో పప్పు మాడితే మర్నాడే పక్క హోటల్‌కి పోతాం. ఓటు దగ్గర ఐదేళ్ళు అదే ప్లేటు ముందు పెట్టుకుని కూర్చోవాలి.

మేం చూస్తూండగానే బ్రోకరన్న బాగుపడ్డాడు. పునాది పడ్డాక గజానికి ఒక రేటు, స్లాబ్ పడ్డాక ఇంకో రేటు, ఏసీ డక్టులు దిగాక మూడోది. మా వెనక వీధిలో ఇల్లు అమ్ముతూ, ‘హోటల్‌కు రెండు నిమిషాల నడక’ అని పేపర్లో వేయించాడు. మెట్రో ఎంత దూరమని కొనేవాళ్ళు అడిగితే, “హోటల్ కాడ ఆటోలు దొరుకుతయన్నా,” అని సర్దేశాడు.

ఏం వండుతారన్నదాని మీద చాలా రోజులు తగువు నడిచింది. తెలుగు హోటల్ పేరులో ‘గారు’ లేకపోతే ఈ రోజుల్లో పులావ్ ఉడకదు కాబట్టి ఏదో ఒక గారి పేరే ఉంటుందని ఒక పక్షం. మండీ తప్ప ఇంకేం పెడతారని రెండో పక్షం. మండీ యెమెన్ వంటకం. నిజాం సైన్యంలో కొలువు చేసిన అరబ్బుల వారసులు బార్కస్‌లో స్థిరపడితే, హైదరాబాదీలు దాని కోసం చాంద్రాయణగుట్ట దాకా వెళ్ళి తినొచ్చేవాళ్ళు. ఇప్పుడది సందు సందునా కింద కూర్చోబెట్టి, ఒకే పళ్ళెంలో నలుగురి చేతులు పెట్టిస్తోంది. 2019లో యునెస్కో వాళ్ళు హైదరాబాద్‌ని ఆహార కళల నగరాల జాబితాలో చేర్చారు. ఆ జాబితా బోడుప్పల్ దాకా వస్తుందా రాదా అన్న దాని మీద షాపు సేటుకీ బ్రోకరన్నకీ మాటలు కూడా ఆగిపోయాయి.

ఆకుపచ్చ నెట్టు తీసేసిన రోజు తేలిందేమిటంటే, అది పల్లె హోటల్. బోడుప్పల్ ఒకప్పుడు పల్లే. ఆ పల్లెని పూడ్చి ప్లాట్లు చేసి, ప్లాట్ల మీద అపార్ట్‌మెంట్లు లేపి, ఇప్పుడు అపార్ట్‌మెంట్ల వాళ్ళ కోసం మళ్ళీ పల్లె కడుతున్నారు, ఫైబర్‌తో. గుమ్మం పక్కన ఎడ్లబండి పెట్టారు. ఎడ్లు లేవు, వాటి బదులు సెక్యూరిటీ గార్డు నిలబడ్డాడు. ముంగిట్లో బావి ఉంది. గిలక ఉంది, చేద ఉంది, నీళ్ళు లేవు. ఆ ఒక్క విషయంలో అచ్చం మా ఊరి బావే.

పని ముగుస్తుండగా ప్లాటు మూల లేబర్ వేసుకున్న రేకుల షెడ్లు, నీలం టార్పాలిన్లు తీయించేశారు. లుక్ పాడవుతోందట. వాళ్ళు మూటలు సర్దుకుని ట్రాలీ ఆటో ఎక్కారు. నారపల్లిలో ఇంకో హోటల్ లేస్తోందట. మర్నాడు ఇంటీరియర్ వాళ్ళొచ్చి సరిగ్గా ఆ షెడ్లు తీసిన చోటే ఒక గుడిసె వేశారు. తాటాకు కప్పు, మట్టి రంగు పూత, లోపల లాంతరు ఆకారంలో ఎల్ఈడీ బల్బు. పైన ‘సెల్ఫీ పాయింట్’ అని బోర్డు.

ఓపెనింగ్ రోజు ఫ్లెక్సీలు బిల్డింగ్‌ని మింగేశాయి. ఆ రోజంతా ఫ్లెక్సీల్లో ఉన్నవాళ్ళకే భోజనం. మర్నాడు మధ్యాహ్నం మా బ్యాచ్ వెళ్ళింది. తినడానికని కాదు, పని ఎలా వచ్చిందో చూద్దామని. ఏఈ గారు అలవాటు కొద్దీ ప్యాంటులో చొక్కా దోపి, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని వచ్చారు. లోపలికి అడుగుపెడుతూనే మెనూ వైపు చూడకుండా సీలింగ్ వైపు చూశారు. బీము మీద వేలితో కొట్టి చూశారు. “సెల్లార్ల పార్కింగేది?” అన్నారు. “మంటలంటుకుంటే బయటికి తొవ్వెటు?” అన్నారు. గోడకి తగిలించిన ఫుడ్ లైసెన్సు ముందు నిలబడి బ్రోకరన్న పద్నాలుగు అంకెలూ పైకి చదివి ఫోనులో ఫొటో తీశాడు. “వంటిల్లు ఎటుంది బిడ్డా?” అంది నానమ్మ, నేరుగా కిచెన్ తలుపు వైపు నడుస్తూ.

మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. “లోపల ఏసీ రూముంది సార్, అక్కడ కూర్చుని మాట్లాడుకుందాం,” అన్నాడు. కూర్చున్నాం. మేం ఆర్డరివ్వకుండానే అపోలో ఫిష్ వచ్చింది. నాటుకోడి పులావ్ వచ్చింది. నానమ్మకి విడిగా ముద్దపప్పు, ఆవకాయ, వెన్నపూస వచ్చాయి. “పచ్చి గుడ్డు మయోనైజ్ మా దగ్గర లేనే లేదు సార్, 2024లో బ్యాన్ చేసిన రోజే మా మెయిన్ బ్రాంచిలో ఆపేశాం,” అని మేనేజరు అడక్కుండానే ఒప్పుకున్నాడు. చివర్లో డబుల్ కా మీఠా వచ్చింది. బిల్లు రాలేదు.

“మనమెవరమో చెప్పేద్దామా సార్?” అన్నాను నేను, గొంతు తగ్గించి.

ఏఈ గారు మజ్జిగ గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నారు. “సర్వీసుల ఉన్నన్ని దినాలు ఎవల చేతి చాయ్ తాగలె. రిటైరైనంక తాగితే అడిగేటోడెవడు?” అన్నారు. మేనేజరు మమ్మల్ని గుమ్మం దాకా సాగనంపాడు. ఎడ్లబండి దగ్గర ఆగి ఏఈ గారు భరోసా ఇచ్చారు: “బీములు మంచిగనే వచ్చినయ్. ఏం ఫికరు పడకు.”

ఈ సంగతి సాయంత్రానికల్లా కాలనీ అంతా పాకింది. మర్నాడు పన్నెండు కొట్టేసరికి కిరాణా సేటు గల్లా కొడుక్కప్పగించి, ఇస్త్రీ చొక్కా తొడిగి, చంకలో ఒక ఫైలు పెట్టుకుని హోటల్ వైపు నడిచాడు.

ఫైల్లో ఏముంది సేటూ అని అడిగాను.

“ఉద్దెర పద్దులు,” అన్నాడు, ఆగకుండా.