గుత్తి కోట కింద మైకు వాక్యం: టీకా తాత్పర్యాలు

అవతారిక: నూరుమంది వీరులు విమానంలోంచి ఎరాంగెల్ అనే ద్వీపం మీదికి దూకుతారు. ఎనిమిది కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు. ఒక్క జట్టు మిగిలేదాకా కాల్చుకుంటారు. ఫోనులో సాగే ఈ క్రతువుకు పూర్వనామం పబ్‌జీ. 2020 సెప్టెంబరులో కేంద్రం నిషేధించగా, 2021 జూలైలో బీజీఎంఐగా పునర్జన్మ ఎత్తింది. 2022లో అంతర్ధానమై 2023లో మళ్లీ వెలిసింది. దశావతారాలకు ఇంకా చోటుంది. అనంతపురం జిల్లా గుత్తిలో, కోట కొండ దిగువన అరుగు మీద చేరిన నలుగురిలో ఒకడు, ఆట ముదిరిన వేళ తమ నాయకుడితో పలికిన వాక్యమిది.

మూలం: "అన్నా, కొండ మీదే ఉందాం. జోనొస్తాంది. నా కాడ రెండే బ్యాండేజీలుండాయి, ఎవురికీ చెప్పొద్దు."

టీక: అన్నా = ఓ జట్టు నాయకుడా (వయసులో మూణ్ణెల్లు పెద్ద, ర్యాంకులో రెండు మెట్లు పైన; గౌరవానికి రెండోదే కారణం); కొండ మీదే = ఎత్తైన తావునే, ఏవకారం చేత దిగడం నిషిద్ధమని సూచన; జోను = రానురాను కుంచించుకుపోతూ, వెలుపల చిక్కినవాడి ప్రాణం పీల్చే నీలవలయం; ఒస్తాంది = తరుముకొస్తున్నది; నా కాడ = నా సంచిలో; రెండే = చాలవని భావం; బ్యాండేజీలు = ఒక్కోటి పదోవంతు ప్రాణం పోసేవి, ముప్పాతిక దాటి పోయలేనివి; ఎవురికీ = శత్రువులకు; చెప్పొద్దు = స్పష్టం. కాకపోతే వక్త మైకు అప్పుడు 'టీమ్' మీద లేదు, 'ఆల్' మీద ఉంది.

తాత్పర్యం: ఎత్తున ఉన్నాం కాబట్టి భయం లేదు, మందు లేదు కాబట్టి భయమే.

విశేషం: కౌటిల్యుడు దుర్గాలు నాలుగు విధాలన్నాడు: జలదుర్గం, పర్వతదుర్గం, ధాన్వనం, వనదుర్గం. వీటిలో ధాన్వనమంటే నీరు దొరకని నేల మధ్య ఉన్నది. ఏడాదికి అయిదున్నర వందల మిల్లీమీటర్ల వాన పడితే పడినట్టు, లేకపోతే లేనట్టు అన్న ఈ సీమ మొత్తం ధాన్వనమే. దాని మీద గుత్తి, రాయదుర్గం, పెనుకొండ లాంటి పర్వతదుర్గాలు మొలిచాయి. అంటే ఒక కవచం మీద ఇంకో కవచం. 1565 ఓటమి తర్వాత విజయనగర ప్రభువు తిరుమలరాయడు హంపీ విడిచి పెనుకొండకు చేరింది ఈ ధీమాతోనే కావచ్చు. అయితే శత్రువుకు దాహం పుట్టించే నేల లోపలివాడికి మాత్రం పాయసం పోస్తుందా? వక్త ఆలోచించని సంగతి ఇదే.

మూలంలో లేనిది రాయనని కావ్యవ్యాఖ్యాత మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆయనకు గుత్తి కోట అడ్డం రాలేదు. మాకు వస్తున్నది.

ఆ కోట పాలకుడు మురారిరావు ఘోర్పడే. కొండ అంచున ఆయన పేరుతో చిన్న మంటపం ఇప్పటికీ ఉంది. అందులో కూర్చుని చదరంగం ఆడేవాడంటారు. చదరంగంలో బంట్లు నోరు విప్పవు, అదొక సౌకర్యం. 1776లో హైదరాలీ ముట్టడి వేశాడు. కింద ఊరు పోయినా పైకోట లొంగలేదు. లొంగనిది రాయి మాత్రమే, బండల నెర్రెల్లో పట్టిన నీళ్లు అడుగంటుతున్నాయి. మురారిరావు సంధికి దిగాడు. కప్పం ఖరారైంది, బాకీకి పూచీగా ఒక సేనాని కొడుకును హైదరు శిబిరానికి పంపారు. విల్క్స్ రాసిన మైసూరు చరిత్ర ప్రకారం, హైదరు ఆ కుర్రవాణ్ణి ఆదరించి, మీ వీరత్వం గొప్పదని పొగిడాడు. కుర్రవాడు పొంగిపోయాడు. నీళ్లు మూడు రోజులకే మిగిలాయి గానీ లేకపోతే మా దొర సంధికి వచ్చేవాడా అన్నాడు! హైదరు తనకు చెల్లించిన సొత్తులో ఏదో లోపం పట్టి, సంధి చెల్లదని, ముట్టడి కొనసాగించాడు. గోడ ఎక్కే పని లేకుండా పోయింది. మురారిరావు లొంగి, శ్రీరంగపట్నానికీ అక్కడి నుంచి కబ్బాలదుర్గం చెరకూ పోయి, అక్కడే కన్నుమూశాడు.

సామదానభేదదండాల్లో ఇక్కడ చెల్లింది సామమొక్కటే. అదీ రాజు మీద కాదు, కుర్రవాడి మీద.

ఆక్షేపం: హైదరును నీలవలయంతో పోల్చడం తగునా? వలయానికి బుద్ధి లేదు, ఎవరి సంచిలో ఎన్ని బ్యాండేజీలున్నాయో దానికి తెలియదు.

సమాధానం: తగదు. అలా పోల్చేవాళ్లు స్థూలదృష్టులు. వలయం కరువు, హైదరు కాదు. కరువు ఇరుపక్షాలకూ ఒకటే. హైదరు అంటే కొండ కింద, వలయం లోపల, చెట్టు చాటున బోర్లా పడుకుని, పైనున్నవాడి మైకు విని, తూటా వృథా చేయకుండా కాచుకున్న రెండో జట్టు. దుర్గం ఎత్తు ఎంతన్నది అవతలివాడు దూరం నుంచే చూడగలడు. లోపల ఎంత మిగిలిందన్నదే లోపలివాడు చెబితే తప్ప తెలియదు.

పాఠాంతరం: "నా కాడ ఇరవై బ్యాండేజీలుండాయి" అని ఒక పాఠం ఆ జట్టులోనే ప్రచారంలో ఉంది. అదే నిజమైతే వక్త మైకును కావాలనే 'ఆల్' మీద పెట్టి శత్రువును భ్రమపెట్టాడని అర్థం వస్తుంది, హైదరు అంతటివాడవుతాడు. వక్త కూడా ఆట ముగిశాక ఈ పాఠాన్నే సమర్థించాడు. కానీ వాడు పడిపోయాక మిగిలిన పెట్టెను అవతలి జట్టు తెరిచి చూస్తే రెండే ఉన్నాయి గనుక మొదటి పాఠమే సాధువు.