ఫోర్‌ట్వంటీలకు సెక్షన్ కరువు

2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. 1860 నాటి ఐపీసీలో 511 సెక్షన్లుంటే ఇందులో 358తోనే సరి. అంటే ఇక 420వ సెక్షనే లేదు. ఫోర్‌ట్వంటీగాళ్లు మాత్రం ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు. ఇప్పుడు వాళ్లను చట్టప్రకారం తిట్టాలంటే 'ఒరేయ్ త్రీ ఎయిటీన్ సబ్‌సెక్షన్ ఫోర్!' అనాలి. అనడం పూర్తయ్యేలోపు వాడు సందు దాటేస్తాడు.

హత్యకు కొత్త నంబరు 103. పాత 302 ఖాళీగా లేదు లెండి, మత మనోభావాలను గాయపరిచే మాటలకు ఇచ్చేశారు. సినిమా ఇన్‌స్పెక్టర్లకు ఈ కబురు ఎవరైనా చెబితే బాగుండు.

అసలు తమాషా నల్లకోట్లది. సీఆర్‌పీసీలో 482 అంటే కేసు కొట్టేయమని హైకోర్టు గడప తొక్కడం. దాని స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహితలో అదే 482 ముందస్తు బెయిలు! కొట్టేయించుకోవాలంటే 528కి పోవాలి. 'సార్, 482 వేద్దామా?' అని జూనియర్ అడిగితే, 'పాతదా, కొత్తదా?' అంటున్నారు సీనియర్, హైదరాబాద్‌లో ఇంటి నంబరు అడిగినట్టు.

పోనీ పాత పుస్తకాలు తూకానికి వేద్దామా? కుదరదు. ఆ జులైకి ముందు జరిగిన నేరాలకు ఐపీసీయే గతి. మన వాయిదాల జోరు తెలిసిందే కదా, మనవడు ఎన్‌రోల్ అయ్యేదాకా ఆ పుస్తకం అటకెక్కదు. రెండు కట్టలూ చంకన పెట్టుకుని కోర్టు మెట్లెక్కుతున్న జూనియర్‌ను చూసి లా పుస్తకాల షాపాయన ఒక్కడే తృప్తిగా నవ్వుకుంటున్నాడు.