షెడ్డు పద్యానికి టీకా తాత్పర్యాలు

మూలం

ఆ.వె.
పచ్చ నీళ్ళు పోసి పైన గులాబీని
కలుపవచ్చు నేమి కాదు లెమ్ము
రంగులన్ని నీటి రాశిలో నొక్కటే
మూత బిగియ దిప్పి ముందుకురుకు

అవతారిక

ఈ పద్యకర్త పేరు తెలియదు. కాలాన్ని మాత్రం ఊహించవచ్చు. రెండు రంగుల కూలెంట్ ప్రస్తావన ఉంది కనుక ఇది అంబాసిడర్ యుగం ముగిశాక పుట్టినదే. ఆ యుగంలో డిక్కీలో నీళ్ళ డబ్బా ఒకటి ఉంటే చాలు, శీతలీకరణ శాస్త్రం సమాప్తం. ఘాట్ రోడ్డు మలుపులో బోనెట్ ఎత్తి నిలబడ్డ కారును చూసి ఎవరూ జాలిపడేవారు కారు. కవి మెకానిక్ షెడ్డు వాడని చెప్పడానికి అంతర్గత సాక్ష్యం చాలు: ‘ఏమి కాదు లెమ్ము’ అన్న మాట అంత నిబ్బరంగా మరో చోట పుట్టదు.

మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకున్న మహా వ్యాఖ్యాత మల్లినాథసూరి మన మెదక్ సీమ కొల్చారం వాడు. నియమం గొప్పదే. కానీ ఈ పద్యంలో ఉన్నదాని కన్నా లేనిదే ఇంజన్‌కు ముఖ్యం కాబట్టి, సూరిగారికి దండం పెట్టి, ఆ నియమాన్ని ఇక్కడ సడలిస్తున్నాం.

ప్రతిపదార్థం

పచ్చ నీళ్ళు = ఆకుపచ్చ వన్నె గల కూలెంట్‌ను; పోసి = బోనెట్ కింది ప్లాస్టిక్ ట్యాంకులో మిన్, మాక్స్ గీతల నడుమ నింపి (మాక్స్ దాటించి అని కొందరి వాడుక); పైన = ఆ మీదట, అనగా మరో ఏడాది, మరో షెడ్డులో; గులాబీని = గులాబీ వన్నె గలదానిని; కలుపవచ్చున్ = కలిపినా దోషం లేదు; ఏమి కాదు లెమ్ము = ఏమీ కాదులే సార్; రంగులన్ని = ఎరుపు, నీలం, పసుపు, నారింజ, ఊదా మొదలగునవి; నీటి రాశిలో = రేడియేటర్‌లోను, ఇంజన్ బ్లాకులోను, హోస్ పైపులలోను తిరిగే నాలుగైదు లీటర్లలో; ఒక్కటే = తేడా లేనివే; మూత = మూతను; బిగియన్ దిప్పి = గట్టిగా బిగించి; ముందుకు = షెడ్డులోంచి రోడ్డు మీదికి; ఉరుకు = పరుగెత్తుము.

తాత్పర్యం

ఏ కూలెంట్‌లో ఏది కలిపినా నష్టం లేదు, డబ్బులిచ్చి బయలుదేరు అని భావం.

విశేషాలు

‘నీళ్ళు’ అనే ప్రయోగం చింత్యం. సీసాలో ఉన్నది ఇథిలీన్ గ్లైకాల్. నీళ్ళు దానికి తోడు. సగానికి సగం కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, మూత లేకపోయినా 107, 108 డిగ్రీల దాకా మరగదు. గ్లైకాల్ ఎక్కువైతే ఇంకా మంచిది కదా అని చిక్కటిదాన్ని నీళ్ళు కలపకుండా పోసే దానశీలురు ఉన్నారు. శుద్ధ గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. పైగా వేడిని మోయడంలో నీటిని మించినది లేదు. సగం గ్లైకాల్ కలిసేసరికి ఆ మోతబరువు ఐదో వంతు దాకా తగ్గుతుంది. అంటే కూలెంట్ అన్న పేరే తప్ప, చల్లబరిచే పని ఎక్కువగా నీటిదే.

మరి మనకెందుకు? లంబసింగి చలికాలం గురించి పత్రికలు ఎంత రాసినా అక్కడ రేడియేటర్ పగిలేంత చలి లేదు. షికాగోలోనో మినియాపొలిస్‌లోనో ఉన్న మనవాళ్ళకు ఆ మైనస్ లెక్కలు ప్రాణావసరం. రెంటచింతల ఎండలో, రామగుండం ఎండలో తిరిగేవాడికి కావలసినవి వేరు: మరిగే హద్దు పెరగడం, తుప్పు పట్టకపోవడం. మొదటిది గ్లైకాల్ చూసుకుంటుంది. రెండోది చూసుకునేవి సీసాలో చిటికెడంత ఉండే మందులు, తుప్పు నిరోధకాలు. తగాదా అంతా ఆ చిటికెడు దగ్గరే. కవికి ఆ చిటికెడు కనపడలేదు, రంగు కనపడింది.

ఇక మూడో పాదం. పద్యానికి ఆయువుపట్టు ఇదే. ‘రంగులన్ని ఒక్కటే’ అన్నది అక్షరాలా సత్యం. రంగు వట్టి అద్దకం. కారితే కనపడాలని, తాగునీరు కాదని తెలియాలని వేస్తారు. ఏ రంగు ఏ మందుకు అని ప్రపంచమంతా ఒప్పుకున్న కట్టుబాటు ఏదీ లేదు. పాత అమెరికా బాణీ కూలెంట్ పచ్చన. చాలా హ్యుందయ్, కియా కార్లలో వచ్చేదీ పచ్చనే. రెండింటి లోపలి మందులు వేరు. టయోటాది గులాబీ, హోండాది నీలం. ఆ రెండూ దాదాపు ఒకే సంప్రదాయం. కాబట్టి పచ్చకు పచ్చ పోశాను, నాకేం భయం అనే పెద్దమనిషి, ఏదైనా పోస్తాను అనే మెకానిక్ కన్నా తెలివైనవాడేమీ కాడు. ఇద్దరూ రంగును నమ్మినవారే. ఒకడు రంగులు వేరైతే కలపరాదంటాడు, మరొకడు రంగులన్నీ ఒకటే కనుక కలపవచ్చంటాడు.

దర్శనాలు మూడు. ప్రాచీనులది సిలికేట్లు, ఫాస్ఫేట్లు, బోరేట్లు, నైట్రైట్ల వంటి లవణాల మతం. పోయగానే లోహం మీద పూతలా పరుచుకుంటాయి. కాపలా గట్టిదే కానీ మందు త్వరగా ఖర్చైపోతుంది, రెండేళ్ళకు మార్చాల్సిందే. నవ్యులది సేంద్రియ ఆమ్లాల మతం. అమెరికాలో జనరల్ మోటర్స్ 1990ల మధ్యలో నారింజ రంగుతో దీన్ని ఊరూరా చాటింది. ఇది అంతటా పూత పుయ్యదు, తుప్పు మొదలైన చోటికే పోయి పని చేస్తుంది. అందుకే ఐదేళ్ళు వస్తుంది. మూడోవారు సమన్వయవాదులు: సేంద్రియ ఆమ్లాలు ఉంటూనే కొంచెం సిలికేటో ఫాస్ఫేటో కూడా ఉండాలంటారు. ఆ ‘కొంచెం’ దగ్గర వీళ్ళలో వీళ్ళకే పడదు. ఐరోపావారు ఫాస్ఫేటు వద్దంటారు, వాళ్ళ నీళ్ళు కఠినం, కాల్షియంతో కలిసి గార కడుతుందని. జపాన్‌వారు సిలికేటు వద్దంటారు, వాటర్ పంపు సీలును అరగదీస్తుందని. ఎవరి భయం వారిది, ఇద్దరి భయమూ సకారణమే.

శిష్యుడి శంక: గురువుగారూ, మరి పచ్చలో గులాబీ పోసి ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళు లేరా?

సమాధానం: ఉన్నారు నాయనా. ఆ రోజుకు ఏమీ కాదు. కారు ఇంటికి చేరుతుంది, మీటర్ ముల్లు మధ్యలోనే ఉంటుంది, మెకానిక్ మాట నెగ్గుతుంది. పద్యం ఇన్నాళ్ళు నోళ్ళలో బతికింది అందుకే. ఐదేళ్ళు రావలసిన మందు రెండేళ్ళకే చతికిలబడటం ఎవరికీ కనపడదు. అంతకు మించి, కొన్ని జంటలు కలిస్తే సిలికేట్లు విడిపోయి జిగురులా దిగుతాయి. ఫోక్స్‌వాగన్ వారి జీ11, జీ12ల కథ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఒకటి నీలం కలిసిన పచ్చ, మరొకటి ఎరుపు. ట్యాంకులో గోధుమరంగు కనిపిస్తే రెండూ కలిశాయని అర్థం, వెంటనే మార్చమని కంపెనీ పుస్తకంలోనే రాసింది. చివరికి పాతవాటితో కలిసినా గొడవ రాని ఊదారంగు రకాన్ని తేవలసి వచ్చింది.

ఆ బురదను దగ్గర నుంచి చూసినవాడు మరిచిపోడు. మూత అడుగున తుప్పు రంగు పేస్టు, వేలికి అంటితే ఒక పట్టాన పోదు. రేడియేటర్ గొట్టాల నోళ్ళ దగ్గర, హీటర్ సన్న దారుల్లో ముందు పేరుకుంటుంది. ఇక్కడ ఒక హెచ్చరిక: మూత కింద పాలు ఎక్కువైన కాఫీలా తెల్లటి నురగ కనిపిస్తే అది కూలెంట్ల కొట్లాట కాదు, ఆయిల్ వచ్చి కలిసింది. హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి. ఆ పద్యానికి వ్యాఖ్య వేరు, ఖర్చూ వేరు.

మళ్ళీ ‘నీటి రాశి’ దగ్గరికి వద్దాం. ఏ నీరో కవి చెప్పలేదు. షెడ్డులో దీనికి అర్థం బోరు నీళ్ళు. మన బోరు నీళ్ళు బిందె అడుగున, గీజర్ కడ్డీ మీద ఏం చేస్తాయో ఇల్లాళ్ళకు చెప్పక్కర్లేదు. అదే గార ఇంజన్ లోపలి గోడలకూ పడుతుంది. ఫాస్ఫేటు ఉన్న జపాన్ బాణీ కూలెంట్‌లో బోరు నీళ్ళు కలిపితే ఐరోపావారి భయం మన ఊళ్ళో నిజమవుతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరే గతి. లేదా కలిపి అమ్మేది కొనడం.

సీసా వెనక ‘జేఐఎస్ కె 2234, ఏఎస్‌టీఎం డి 3306, ఐఎస్ 5759’ అని ఉంటే సరకు కనీస పరీక్షలకు తగినట్టు చేశామని చెబుతున్నారన్నమాట. ఏ మతమో అవి చెప్పవు. మతం తెలియాలంటే కారుతో వచ్చిన పుస్తకం చూడాలి. అది డ్యాష్‌బోర్డు అరలో, ప్లాస్టిక్ కవరు విప్పకుండా, దుకాణం వాడిచ్చిన వినాయకుడి బొమ్మ కింద భద్రంగా ఉంటుంది. ‘అన్ని రంగులకూ, అన్ని కార్లకూ’ అని అమ్మే సర్వమత సమ్మత కూలెంట్ల మాటేమిటంటే, అవి చాలావరకు సేంద్రియ ఆమ్లాల జాతే. కొద్దిగా పోస్తే గొడవ రాకపోవచ్చు. కానీ ట్యాంకులో ఉన్న పాతదాని ఆయుష్షును అవి పెంచలేవు.

శిష్యుడు మళ్ళీ: రాత్రిపూట, సూర్యాపేట దాటాక, ముల్లు ఎర్రగీత ఎక్కితే?

సమాధానం: ఆపద్ధర్మం వేరు. పక్కకు తీసి ఇంజన్ ఆపు. అరగంటకు తక్కువ కాకుండా ఆగు, పై హోస్ పైపు చేతికి చల్లగా తగిలాక మూత జోలికి వెళ్ళు. డిస్టిల్డ్ వాటర్ ఉంటే అది, లేకుంటే తాగే నీళ్ళ బాటిల్. ధాబాలో దొరికిన తెలియని రంగు కూలెంట్ కన్నా అదే మేలు. నీళ్ళు మందును పలచన చేస్తాయి, దానితో తగువు పెట్టుకోవు. మండుతున్న ఇంజన్‌లో చన్నీళ్ళు గుమ్మరిస్తే మాత్రం లోహం పగిలే ప్రమాదం ఉంది.

‘మూత’ను కవి తేలిగ్గా తీసుకున్నాడు. అది వట్టి మూత కాదు, స్ప్రింగు ఉన్న కవాటం. లోపల సుమారు ఒక బార్ అదనపు ఒత్తిడి నిలుపుతుంది. ఆ ఒత్తిడికి మామూలు నీళ్ళే 120 డిగ్రీల దాకా మరగవు, సగం గ్లైకాల్ ఉంటే 130 దగ్గరికి పోతుంది. తడి గుడ్డ చుట్టి వేడి మూతను తిప్పే వీరులకు తెలియనిది ఇదే. మూత వదులైన క్షణాన ఒత్తిడి పడిపోతుంది, అంతవరకు కిక్కురుమనని ద్రవం ఒక్కసారిగా ఆవిరై ముఖానికి వస్తుంది.

అలంకారం

అర్థాంతరన్యాసం. పచ్చలో గులాబీ కలపవచ్చన్న విశేషాన్ని, రంగులన్నీ ఒకటే అన్న సామాన్యంతో సమర్థించాడు. సామాన్యం నిజమై, విశేషం అబద్ధమైన అర్థాంతరన్యాసాన్ని ఆలంకారికులు ఎరగరు. ఇది షెడ్డు వారి కొత్త కల్పన.

పాఠాంతరం

కొన్ని ప్రతుల్లో నాలుగో పాదం ‘మూత విప్పి లోన ముందు కడుగు’ అని ఉంది. మా మతంలో ఇదే శుద్ధ పాఠం. ఎవరో తొందరపాటు లేఖకుడు ‘ముందు కడుగు’ను ‘ముందుకడుగు’ అని కలిపి రాసి ఉంటాడు. తరవాతివాడు అడుగెందుకు, ఉరుకే మేలని దిద్ది, దానికి తగ్గట్టు మూతను బిగించి ఉంటాడు. కవి చెప్పిన ఫ్లషింగ్ అలా పరుగుగా మారింది.

కడగడం అంటే: చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ అడుగు కాక్ విప్పితే దిగేది ఇంచుమించు సగమే. మిగతాది బ్లాకులో కూర్చుని ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ నింపి, హీటర్ పూర్తిగా తిప్పి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఇంజన్ నడిపి, చల్లార్చి మళ్ళీ దించాలి. దిగే నీటికి రంగు పోయేదాకా ఇదే పని. చాలామంది దెబ్బతినేది దీని తరవాత. అయిదు లీటర్లు పట్టే కారులో రెండున్నర లీటర్ల ఉత్త నీళ్ళు లోపలే ఉన్నాయి. దాని మీద సగం సగం కలిపి అమ్మే కూలెంట్ పోస్తే అది పావు వంతుకు పలచబడిపోతుంది. ఈ ఘట్టంలో పోయాల్సింది నీళ్ళు కలపని చిక్కటి రకం, రెండున్నర లీటర్లు. ఆ పైన గాలి బుడగలు పోయేదాకా మూత తీసి ఇంజన్ తిప్పి, గీత చూసి నింపాలి.

కడిగిన నీళ్ళు ఎక్కడ పొయ్యాలో ఏ పాఠంలోనూ లేదు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం, కిడ్నీలను తీస్తుంది. షెడ్డు ముందు గుంటలో నిలిస్తే వీధి కుక్కలు తాగుతాయి. కాల్వలో కాక మూత ఉన్న డబ్బాలో పట్టి, పాతది తీసుకునే సర్వీస్ సెంటర్‌లో అప్పగించాలి. ఆ డబ్బా కూల్‌డ్రింక్ సీసా కాకూడదు.