సత్యభామకు శ్రుతి పట్టినదాన్ని

నన్ను కాళ్ల హార్మోనియం అంటారు. నాటకాల వాళ్లకు ఉత్త హార్మనీని. కింద తొక్కడానికి పెడళ్లు, పైన మెట్లు, కడుపులో తిత్తి, జర్మనీ నుంచి ఓడలో వచ్చిన రీడ్లు. నా గురించి ఇంతకంటే చెప్పుకోవలసింది లేదు. చెప్పవలసిందంతా సత్యభామ వేషం కట్టిన స్థానం నరసింహారావు గారి గురించే.

ఆయన 1971 ఫిబ్రవరి 21న పోయారు. అప్పటికి నేను రేపల్లెలో, నన్ను వాయించిన హార్మనిస్టు గారి వసారాలో ఉన్నాను. కబురు తెలిసి వీధిలోని పెద్దవాళ్లంతా వసారా ఎక్కారు. "సత్యభామ పోయిందయ్యా" అన్నాడొక ముసలాయన. ఎవరు పోయారని ఒక్కరూ అడగలేదు.

ఆయన పుట్టింది 1902లో, బాపట్లలో. 1920లో ఆ ఊళ్లో హరిశ్చంద్ర నాటకం ఆడబోతుంటే చంద్రమతి వేషం వేయవలసిన మనిషి రాలేదు. ఇరవై నిండని ఈ కుర్రాడికి చీర కట్టి రంగం మీదికి పంపారు. అక్కణ్ణుంచి తెనాలి వచ్చి శ్రీరామ విలాస సభలో చేరారు. మూడు కాలువల మధ్య ఉన్న ఆ ఊరికి నాటకమంటే ప్రాణం. ఆడవాళ్లు రంగమెక్కడాన్ని లోకం ఒప్పుకోని రోజులు. ఆడవేషం మగవాళ్లే కట్టాలి. కట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ చూసే ఆడవాళ్లు "మా చీరకట్టు కంటే ఈయన కట్టే బాగుంది" అనుకుంటూ ఇళ్లకు పోవడం ఆయన నాటకాలకే విన్నాను.

నా చోటు ఎప్పుడూ రంగం పక్కనే. అక్కణ్ణుంచి ఆయన ముఖం ఓరగా కనిపించేది. నేను ఆయన్ను ఎక్కువగా తెలుసుకున్నది కాళ్ల చప్పుడుతో. సత్యభామ నడిస్తే బల్లలు గట్టిగా, ఆగి ఆగి మోగేవి. ఇల్లు తనది, మొగుడు తనవాడు అన్న నడక అది. సారంగధరలో చిత్రాంగి అడుగు వేయబోయి వెనక్కి తీసుకునేది. రోషనార నాటకంలో రోషనార నడిస్తే పాదం కంటే ముందు దర్పం వచ్చేది. విప్రనారాయణలో దేవదేవి, కన్యాశుల్కంలో మధురవాణి ఇద్దరూ వేశ్యలే, అయినా ఒకరి అడుగు ఇంకొకరికి అరువివ్వలేదు ఆయన. కళ్లు మూసుకున్నా ఈ రాత్రి ఏ నాటకమో చెప్పగలిగేదాన్ని.

ఇక శ్రీకృష్ణ తులాభారంలో ఆ పాట. 'మీరజాలగలడా' అని అందరికీ తెలిసినదే. దాన్ని రాసుకున్నది ఆయనే. కృష్ణుడు తన మాట దాటలేడని సత్యభామ ధీమా. పల్లవి ఒకటే, మాటలు అవే. మొదటిసారి గర్వంగా అనేవారు. రెండోసారి ముద్దుగా. ఆ తర్వాత కళ్లెర్రజేసి, వెంటనే సిగ్గుపడి, ఆపైన లోపలెక్కడో చిన్న అనుమానం కదిలినట్టు గొంతు దించి. జనం వన్స్‌మోర్ అని అరిస్తే మళ్లీ ఎత్తుకునేవారు, అప్పుడు ఇందాకటివేవీ ఉండేవి కావు, అన్నీ కొత్తవే. మా హార్మనిస్టు చేతులు మెట్ల మీద పెట్టి ఆయన కనుబొమల వైపు చూసేవాడు. కనుబొమ లేస్తే పై స్థాయి, వాలితే కింది స్థాయి. తన పాండిత్యం చూపించి నటుణ్ణి మింగేసే హార్మనిస్టులు ఎందరో ఉన్నారు. ఆయన దగ్గర మాత్రం మా పని ఒకటే, వెనకాల నడవడం. అది నాకు చిన్నతనంగా ఎప్పుడూ తోచలేదు.

1938లో రంగూన్‌లో ఆయనకు బంగారు కిరీటం పెట్టారు. ఆ ఓడ నేనెక్కలేదు. 1956లో పద్మశ్రీ వచ్చింది. ఈ మధ్యలో, 1940లో, ఆలిండియా రేడియో మా జాతిని స్టూడియో గడప తొక్కనివ్వనంది. ఆ నిషేధం సడలింది 1971లో, ఆయన పోయిన ఏడే. నాకు ఆ సంగతి ఇప్పటికీ మింగుడు పడదు.

1966లో తులాభారం సినిమాగా వచ్చింది. జమున గారు సత్యభామ, పాడింది సుశీల గారు. ఎంతో బాగా పాడారు. ఆయన పాట ఈనాటికీ పెళ్లి పందిళ్లలో వినబడుతోందంటే ఆ సినిమా పుణ్యమే. అయితే అక్కడ నిలిచింది వరుస. ఒక్క పల్లవిని పట్టుకుని ఆయన రాత్రికో రకంగా నడిపించిన సత్యభామలు చూసినవాళ్ల కళ్లలోనే ఉండిపోయారు. ఆ కళ్లూ ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. గ్రామఫోను ప్లేటు ఒక పక్కన పట్టేది మూడు నిమిషాలు. ఆయన నిట్టూర్పులకే అది చాలదు.

2022లో జిల్లాలు విడదీశాక ఆయన పుట్టిన బాపట్ల ఒక జిల్లా, ఆయన్ను పెంచిన తెనాలి ఇంకో జిల్లా. రేపల్లె బాపట్ల వైపు పోయింది. తెనాలి నుంచి రేపల్లె వచ్చే రైలు మాత్రం అదే దారిన వస్తోంది. హార్మనిస్టు గారి మునిమనవరాలు ఆ రైల్లోనే కాలేజీకి వెళ్లొచ్చి, సాయంత్రం నా మూత తీస్తుంది. సినిమాలో విన్నట్టే, తప్పు లేకుండా పల్లవి పాడి చరణంలోకి వెళ్లిపోతుంది. అప్పుడే వెళ్లకమ్మా. ఇంకోసారి అను, ఈసారి కోపంగా. అన్నావా, ఇప్పుడు కృష్ణుడు వస్తాడో రాడో తెలియనట్టు అను. నేనిక్కడే ఉన్నాను, ఎటు తిప్పినా వస్తాను.