మనీప్లాంట్ మామ

సూరత్‌లో లింబాయత్ వైపు తెలుగువాళ్ళ గల్లీకొకడు చొప్పున ఉంటాడు మనీప్లాంట్ మామ. అసలు పేరు ఆధార్ కార్డులో ఉంటుంది, గల్లీకి దాంతో పని లేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి సాంచాల మీద బతకడానికి వచ్చిన పద్మశాలి ఇళ్ళల్లో మామది ఒకటి. పన్నెండు గంటల డ్యూటీ, పది బై పది గది. అందులో మనుషులు వంతులవారీగా పడుకుంటారు గానీ, తీగకు మాత్రం నాలుగు గోడలూ రాసిచ్చాడు.

తీగ ఉండేది సోస్యో కూల్‌డ్రింకు సీసాలో. మన ఊళ్ళల్లో అయితే ఈ తీగకు ఖాళీ మందు సీసాయే ఆనవాయితీ. గుజరాత్‌లో 1960లో రాష్ట్రం పుట్టినప్పటి నుంచీ మద్యనిషేధం. ఇంట్లో క్వార్టర్ సీసా పెడితే చూసినవాళ్ళ కన్ను ఆకు మీద కాదు, లేబులు మీద పడుతుంది. అందుకని 1923 నుంచీ సూరత్ తాగుతున్న సోస్యో సీసాకే మామ ఓటేశాడు. సీసాకు కొన్న రుజువుంది. తీగ మాత్రం దొంగసొత్తు, పైగా ఆ సంగతి దాచడు.

"మనీప్లాంట్ కొనుక్కుంటే కలిసిరాదు తమ్మీ, ఎత్తుకొస్తేనే కలిసొస్తది. ఇది మా శేఠ్ ఇంటి మెట్ల కాడిది. శేఠ్ కొమ్మ కదా, ఆయన లచ్చిమి కొంచమన్న ఎంట రాదా?"

ఇదే చట్టంలో రెండో సెక్షను కూడా ఉంది: మన కొమ్మ మన చేత్తో ఇస్తే మన పైసలు పోతాయి. ఎదురింటామె ఆ సెక్షను తెలియక ఒకసారి అడిగేసింది.

"అన్నా, ఒక్క కొమ్మియ్యరాదే."

"ఇయ్యొద్దు చెల్లే, ఇద్దరికీ మంచిది కాదు. నేను పొద్దున ఏడింటికి డ్యూటీకి పోత. కిటికీ తెరిచే ఉంటది. కత్తెర గూట్ల ఉంటది."

ఆమె మర్యాదస్తురాలు, రాలేదు. రాత్రి వచ్చి కొసలు లెక్కపెట్టుకున్న మామకు అన్నం సయించలేదు. "మన తీగను ఎవ్వలు ముట్టలే. గంత పనికిరానిదైందా?" అని పెళ్ళాన్ని అడిగాడు.

ఈ దొంగతనాల వెనక పెద్ద కథే ఉంది. ఈ తీగ పుట్టిల్లు పసిఫిక్ సముద్రంలో తహితి పక్కనున్న మోరియా దీవి. దీనికి పూలు పూయడం చేతకాదు. పూతకు కావలసిన జిబ్బరెలిన్ అనే హార్మోను ఇందులో తయారు కాదని 2016లో శాస్త్రవేత్తలు తేల్చారు. దానంతటది పూసినట్టు చివరగా నమోదైంది 1964లో. పువ్వు లేకపోతే కాయ లేదు, గింజ లేదు. కొమ్మ తుంచి నాటితేనే వంశం. అంటే ఒక గల్లీలో ఎవరు ఎవరింట్లో ఎత్తుకొచ్చినా దాదాపు ఒకే చెట్టు ముక్కలు చేతులు మారుతున్నాయి. ఇది చెప్తే మామ దిగులుపడతాడనుకున్నాం. "శేఠ్ ఇంట్లదీ మనింట్లదీ ఒక్కటే చెట్టా?" అని రెండుసార్లు అడిగి, "అయితే శేఠ్ మనకు చుట్టమే" అని మర్నాడు ఉతికిన చొక్కా వేసుకొని పనికి పోయాడు.

వాస్తు ప్రకారం మనీప్లాంట్ ఆగ్నేయంలో ఉండాలి. పొయ్యి కూడా ఆగ్నేయంలోనే ఉండాలి. గదికి ఉన్నదేమో ఒకే ఆగ్నేయం. పొయ్యే జరిగింది. ఆ మూలకు వెలుతురు అందదు గనక కొత్త ఆకులకు పసుపు చారలు తగ్గి ఉత్త పచ్చగా వస్తున్నాయి. వెలుతురు చాలనప్పుడు ఈ తీగ చేసే పనే అది. మామ లెక్క వేరు: "బంగారం రేటు పెరిగింది కదా, అదిగూడ పొదుపు చేస్తున్నది."

నిజానికి దీనికి చాకిరీ ఏమీ అక్కర్లేదు. కణుపు మునిగేలా నీళ్ళు, వారానికోసారి ఆ నీళ్ళు మార్చడం, నిలువెండ తగలకుండా చూడటం. కుండీలో అయితే పైమట్టి ఆరాకే తడపాలి. ప్రేమ ఎక్కువై పోస్తే వేళ్ళు కుళ్ళుతాయి. ఇంత తేలిక అంటే మామకు కోపం. కష్టపడకుండా పెరిగేదానికి లాభమెక్కడిదని ఆయన వాదన. అందుకే పసుపు కలుపుతాడు, పాలు చుక్కేస్తాడు, చల్లబడిందని చాపు కప్పుతాడు. ఆకుల మీద పాలిస్టర్ నూగు తుడిచేది అత్త. "నాకు జెరమొస్తే ఇన్నిసార్లు నీళ్ళియ్యలే ఈ మనిషి" అంటూ తుడుస్తుంది.

గాలి శుభ్రమవుతుందని నాసా చెప్పిందని కూడా వాదిస్తాడు. చెప్పింది నిజమే, 1989లో, మూసిన పెట్టెల్లో పరీక్షించి. మామూలు ఇంట్లో తేడా తెలియాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలు కావాలని 2019లో ఇంకొకరు లెక్కగట్టారు. మామ గదికి తొంభై చిల్లర. ఆయన వేళ్ళు ముడిచి, ఇంకా ఎన్ని ఇళ్ళు మిగిలాయో ఆలోచించాడు.

దసరాకు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్‌లో దిగి ఊరికి పోయాడు. అన్న పెరట్లో అదే తీగ వేపచెట్టెక్కి ఉంది. వేలాడదీస్తే ఆకు చిన్నదవుతుంది, ఎక్కనిస్తే పెద్దదవుతుంది. అక్కడ ఒక్కో ఆకు చేటంత ఉంది. మామ నోట మాట రాలేదు. వచ్చాక, "గింత పెద్దగైనా నీ అప్పు తీరలేదా అన్నా?" అన్నాడు.

"దానికీ అప్పుకీ ఏం సంబంధం రా? కావాల్నంటే తెంపుకపో."

"అట్ల అనకు!" అని చెవులు మూసుకున్నాడు మామ.

ఆ రాత్రి పెరట్లో చప్పుడైతే వదినె స్విచ్చి మీద చెయ్యి వేసింది. "లైటెయ్యకు," అన్నాడు అన్న పక్క మీంచే, "మనోడు దొంగతనానికి వచ్చిండు. చూసినమంటే పాపం మళ్ళ శేఠ్ ఇంటికే పోవాలె."